రాజులకే లేని వెసులుబాటు గవర్నర్లకు ఎందుకు?

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గౌరవ గవర్నర్ గారికి,

శ్రీకాళహస్తి నుంచి ఒక ఓటరు నమస్కరించి రాస్తున్న విన్నపం ఇది. ఇంటర్ పిల్లలకు చాలా ఏళ్లు సివిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. ఏ పార్టీ తరఫునా రాయడం లేదు. ఫలానా బిల్లు ఆగిందనో ఫలానా ఫైలు కదలలేదనో మీ మీద ఫిర్యాదు చేయడానికీ రాయడం లేదు. మీరు కూర్చున్న కుర్చీకి రాతపూర్వకమైన కట్టుబాటు ఒకటి ఉండాలని, దాన్ని మీ చేతుల మీదుగానే మొదలుపెట్టాలని అడగడానికి రాస్తున్నాను. తగాదా ముదిరాక ఇలాంటి మాట ఎవరు ఎత్తినా ఎవరో ఒకరి పక్షం వహించినట్టే అవుతుంది. అందుకే రాష్ట్రంలో గవర్నర్‌కూ ప్రభుత్వానికీ పొరపొచ్చాలు లేని సమయం చూసి ఎత్తుతున్నాను.

బ్రిటన్, స్వీడన్, డెన్మార్క్, నార్వే, నెదర్లాండ్స్, బెల్జియం, స్పెయిన్ దేశాల్లో నేటికీ రాజులున్నారు. కిరీటాలు, కోటలు, నాణేల మీద బొమ్మలు అన్నీ ఉన్నాయి. పాలించేది మాత్రం ప్రజలు ఎన్నుకున్నవాళ్లు. చాలాచోట్ల ఉత్తర్వు రాజు పేరుతోనే వెలువడుతుంది. దానికి పార్లమెంటులో నిలబడి జవాబు చెప్పేది మంత్రి. మంత్రుల సలహా లేకుండా రాజు అడుగు వేయడు. అలా వేయడు కాబట్టే రాజును ఎవరూ తప్పుపట్టరు. ఆ ఏర్పాటు మొత్తానికి మూలసూత్రం ఇంతే. మన రాజ్యాంగంలోని 163వ అధికరణం, మంత్రిమండలి సాయంతో, సలహాతో గవర్నర్ నడుచుకోవాలన్నది, ఆ మూసలో పోసినదే.

ఈ సంగతి శ్రీకాళహస్తివాడికి ఎందుకు పట్టిందని మీకు అనిపించవచ్చు. మా ఊరికి గవర్నర్ పదవితో చుట్టరికం పాతది. కాళహస్తి సంస్థానాన్ని ఏలిన దామెర్ల వంశానికి చెందిన వెంకటాద్రి నాయకుడే 1639లో సముద్రపు ఒడ్డున కాస్త చోటు ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాడు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీదే అది చెన్నపట్నమైంది. అక్కడ లేచిన సెయింట్ జార్జి కోటలోనే మన ప్రాంతాన్ని ఏలిన గవర్నర్ల కొలువు స్థిరపడింది. ఇచ్చిన వంశంవాళ్లు 1802 నాటికి అదే కోట సనదు ఇస్తే ఏలుకునే జమీందార్లయ్యారు. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో ఆ జమీందారీ కూడా ముగిసింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా అప్పటి మా చిత్తూరు జిల్లా ఆ కోట ఏలుబడిలోనే ఉండింది.

చెన్నపట్నం చేతులు మారిన నాటికి ఇంగ్లండును ఏలుతున్నది మొదటి చార్లెస్. అప్పటికి పదేళ్లుగా ఆయన పార్లమెంటును పిలవకుండానే ఏలుతున్నాడు. 1642 జనవరిలో ఐదుగురు సభ్యులను పట్టుకోవడానికి సాయుధులను వెంటబెట్టుకుని కామన్స్ సభలోకి స్వయంగా వెళ్లాడు. వాళ్లు అప్పటికే తప్పించుకున్నారు. అది అంతర్యుద్ధానికి దారితీసింది. 1649లో రాజు తల తెగింది. 1689 నాటి హక్కుల చట్టంతో రాజు చేయకూడనివి ఏవో కాగితం మీదికి ఎక్కాయి: పార్లమెంటు ఒప్పుకోకుండా పన్ను వేయకూడదు, చట్టాన్ని పక్కన పెట్టకూడదు, శాంతికాలంలో సైన్యాన్ని పెట్టుకోకూడదు.

నాటి గుర్తు ఇప్పటికీ దాదాపు ఏటా కళ్లముందు నడుస్తుంది. పార్లమెంటు సమావేశాలు మొదలయ్యే రోజున రాజు ప్రభువుల సభలో సింహాసనం మీద కూర్చుంటాడు. కామన్స్ సభ్యులను పిలుచుకురమ్మని బ్లాక్ రాడ్ అనే అధికారిని పంపుతాడు. ఆ అధికారి గుమ్మం దగ్గరికి రాగానే తలుపు ధడాల్న మూసేస్తారు. చేతి కర్రతో మూడుసార్లు తడితేనే తెరుస్తారు. 1642 తరవాత ఏ రాజూ, ఏ రాణీ ఆ సభలో అడుగు పెట్టలేదు. సభ్యులు వెళ్లి వినే ప్రసంగమైనా రాజు సొంతం కాదు. మంత్రులు రాసిచ్చింది రాసిచ్చినట్టు చదువుతాడు. 176వ అధికరణం కింద మీరు ఏటా మన ఉభయసభల ముందు 'నా ప్రభుత్వం' అంటూ చదివే ప్రసంగానికి పుట్టిల్లు అదే.

గవర్నర్‌ను చులకన చేయదలచినవాళ్లు ఉత్సవ విగ్రహంతో పోలుస్తారు. శ్రీకాళహస్తిలో ఉండేవాళ్లకు ఆ పోలికలో చులకన కనబడదు. శివరాత్రి బ్రహ్మోత్సవాల్లో స్వామి, జ్ఞానప్రసూనాంబ అమ్మవారు మాడవీధుల్లో ఊరేగుతారు. కల్యాణం అయ్యాక గిరిప్రదక్షిణకు కదులుతారు. ఏ రోజు ఏ వాహనం, ఏ వీధి తరవాత ఏ వీధి, ఎక్కడ హారతి అన్నీ ముందే నిర్ణయమై ఉంటాయి. దారి ముందే ఖాయమైనందుకు ఆ మూర్తుల గౌరవం వీసమెత్తు తగ్గదు. అనుకున్న వీధి తప్పించి పల్లకీని మరో వీధికి తిప్పినవాళ్లనే ఊరంతా నిలదీస్తుంది. యూరప్ రాజరికం మూడు శతాబ్దాలు పడి నేర్చుకున్నది ఇదేనని నాకు తోస్తుంది.

దారి ఖాయమైనంత మాత్రాన రాజుకు నోరు లేదని కాదు. బ్రిటన్ ప్రధాని వారానికోసారి రాజును కలిసి పాలన సంగతులు విన్నవిస్తాడు. అక్కడ రాజును సంప్రదించాలి, రాజు ప్రోత్సహించవచ్చు, హెచ్చరించవచ్చు. 1867లో వాల్టర్ బాజట్ రాజుకు మిగిలిన హక్కులుగా లెక్కగట్టింది ఈ మూడింటినే. డెబ్బై ఏళ్లు రాణిగా ఉన్న రెండో ఎలిజబెత్ తన పదిహేనో ప్రధానిగా లిజ్ ట్రస్‌ను పిలిచే నాటికి ఎన్ని ప్రభుత్వాల తప్పొప్పులు చూసి ఉంటుంది! ఆ అనుభవం నాలుగు గోడల మధ్య ప్రధానికి పనికొచ్చేది. బయట మాత్రం ఆమె ఏ పార్టీ మనిషో ఎవరికీ తెలియలేదు.

ఇక మన వైపు చూడండి. లండన్‌లో రాజును కట్టేసిన పార్లమెంటే, మద్రాసుకు పంపిన గవర్నర్‌ను చాలాకాలం ఏ కట్టూ లేకుండా వదిలేసింది. 1935 చట్టం కింద మంత్రిమండళ్లు వచ్చినా గవర్నర్‌కు ప్రత్యేకాధికారాలు మిగిలాయి. 1937 ఎన్నికల్లో మద్రాసు శాసనసభలో 215 స్థానాలకు 159 కాంగ్రెస్‌కు వచ్చాయి. అయినా, రోజువారీ పాలనలో గవర్నర్ వేలు పెట్టడని మాట ఇస్తేనే ప్రభుత్వం ఏర్పాటు చేస్తామని కాంగ్రెస్ పట్టుబట్టింది. గవర్నర్ ఎర్‌స్కిన్ ఏప్రిల్‌లో మన కూర్మా వెంకటరెడ్డి నాయుడు గారి చేత తాత్కాలిక మంత్రివర్గం పెట్టించారు. సభలో బలం లేని ఆ మంత్రివర్గం మూడున్నర నెలలే నడిచింది. వైస్రాయ్ లిన్‌లిత్‌గో బహిరంగంగా హామీ లాంటి ప్రకటన చేశాకే జూలైలో రాజాజీ మంత్రివర్గం వచ్చింది. గవర్నర్ తన హద్దును ముందే చెప్పాలని అడగడం ఈ గడ్డకు కొత్త కాదు.

స్వాతంత్ర్యం వచ్చాక తొలి సార్వత్రిక ఎన్నికల్లోనే ఆ హద్దు సంగతి మళ్లీ ముందుకొచ్చింది. 1952లో మద్రాసు శాసనసభ 375 స్థానాల్లో కాంగ్రెస్‌కు దక్కినవి 152. ప్రతిపక్షాలు చాలావరకు ఐక్య ప్రజాస్వామ్య కూటమిగా ఏర్పడి టంగుటూరి ప్రకాశం పంతులు గారిని నాయకుడిగా ఎన్నుకున్నాయి. గవర్నర్ శ్రీప్రకాశ పిలిచింది రాజాజీని. ఆయన ఎన్నికల్లో నిలబడనే లేదు; గవర్నరే శాసనమండలికి నామినేట్ చేశారు. రాజాజీ సభలో బలం నిరూపించుకున్న మాట నిజమే. పిలుపు అందుకున్నవాడి వైపు సభ్యులు జరిగిరావడం కూడా అంత నిజం. ముందు ఎవరిని పిలవాలన్న నియమం ఎక్కడా రాసి లేకపోవడం వల్ల ఆ నిర్ణయం ఒక్క మనిషి విచక్షణ అయింది.

1984 నాటి సంగతి మీ కార్యాలయం రికార్డుల్లోనే ఉంటుంది. అంతకు ఏడాదిన్నర ముందు తిరుపతి నుంచి కూడా గెలిచి ముఖ్యమంత్రి అయిన ఎన్.టి.రామారావు గారు అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చారు. ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఆయనను బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావు గారి చేత ప్రమాణం చేయించారు. రామారావు గారు ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని రాజ్‌భవన్ గడప తొక్కినా గవర్నర్ లెక్క వినిపించుకోలేదు. కొత్త ముఖ్యమంత్రికి మాత్రం బలం చూపించడానికి నెల రోజులు గడువు దొరికింది. ఎమ్మెల్యేలను కాపాడుకోవడానికి కర్ణాటక దాకా తరలించాల్సి వచ్చింది. ఊరూరా బందులు జరిగాయి. ఆ నెలాఖరుకే గవర్నర్ మారి శంకర్ దయాళ్ శర్మ గారు వచ్చారు. సెప్టెంబరు 16న రామారావు గారు మళ్లీ ప్రమాణం చేశారు. శాసనసభలో ఒక్క పూటలో తేలే లెక్క వీధుల్లో తేలడానికి నెల పట్టింది.

ఇలాంటిదే డెన్మార్క్‌లో 1920 ఈస్టర్ రోజుల్లో జరిగింది. ష్లెస్విగ్ సరిహద్దు వివాదంలో ప్రధాని త్సాలే మాట వినలేదని రాజు పదో క్రిస్టియన్ మంత్రివర్గాన్నే తీసేశాడు. కార్మిక సంఘాలు సమ్మెకు దిగుతామన్నాయి, రాజరికమే పోతుందన్న భయం పుట్టింది, వారం తిరగకుండా రాజు దిగొచ్చాడు. ఆ తరవాత ఏ డేనిష్ రాజూ ఆ పని చేయలేదు. వాళ్లు అక్కడితో ఊరుకోనూ లేదు. పార్లమెంటు విశ్వాసం కోల్పోయిన మంత్రి పదవిలో ఉండకూడదన్న ఆచారాన్ని 1953 రాజ్యాంగంలో నియమంగా రాసుకున్నారు. మనకు అలాంటి గీత పడడానికి 1994 దాకా ఆగాల్సి వచ్చింది. బలాబలాలు సభలోనే తేలాలని బొమ్మై కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

స్వీడన్ అంతకన్నా ముందుకెళ్లింది. 1975 జనవరి 1న అమల్లోకి వచ్చిన రాజ్యాంగంతో ప్రధానిని ఎంచే పని రాజు నుంచి తీసి స్పీకర్‌కు అప్పగించారు. చట్టాల మీద సంతకం కూడా రాజుకు లేదు. స్పీకర్ పార్టీల నాయకులతో మాట్లాడి ఒక పేరు సభ ముందు పెడతాడు. సభలో 349 మంది. 175 మంది వ్యతిరేకిస్తే ఆ పేరు పోతుంది, లేకపోతే నెగ్గినట్టే. నాలుగు పేర్లు వీగిపోతే మళ్లీ ఎన్నికలు. 2021 నవంబరు 24న మగ్దలేనా ఆండర్సన్ పేరు పెట్టినప్పుడు అనుకూలంగా 117, వ్యతిరేకంగా 174, తటస్థంగా 57 ఓట్లు పడ్డాయి. ఒక్క ఓటు తేడాతో ఆమె నెగ్గింది. అదే రోజు బడ్జెట్ ఓటింగ్‌లో ఓడి, భాగస్వామి పార్టీ తప్పుకోవడంతో కొన్ని గంటల్లోనే రాజీనామా ఇచ్చింది. అయిదు రోజులకు మళ్లీ ఓటింగ్ జరిగి ప్రధాని అయింది. ఇంత గందరగోళంలోనూ రాజు ఎవరి పక్షమన్న ప్రశ్న ఎవరి నోటా రాలేదు. ఎవరి పని ఏదో అక్షరాలా రాసి ఉంది కాబట్టి రాలేదు.

నెదర్లాండ్స్ 2012లో ప్రభుత్వ ఏర్పాటు చర్చలు నడిపించే మనిషిని నియమించే పనిని రాణి నుంచి దిగువసభకు మార్చుకుంది. 2017లో సంకీర్ణం కుదరడానికి ఏడు నెలలు పట్టినప్పుడు జనం విసుక్కున్నది నాయకుల మీద. రాజు వైపు ఎవరూ వేలు చూపలేదు. అధికారం తగ్గిన కొద్దీ ఆ పదవికి రక్షణ పెరిగిందే గానీ తరగలేదు.

బిల్లుల మీద సంతకం విషయానికి వద్దాం. బ్రిటన్‌లో పార్లమెంటు పంపిన బిల్లుకు ఆమోదం నిరాకరించడం 1708తో సరి. ఆన్ రాణి స్కాట్లండ్ సైన్యం బిల్లును ఆపింది, అదీ మంత్రులు చెబితేనే. బెల్జియంలో 1990లో గర్భస్రావ చట్టం మీద సంతకం చేయడానికి రాజు బోదువాఁ అంతరాత్మ ఒప్పుకోలేదు. ఆయన బిల్లును బీరువాలో పెట్టి కూర్చోలేదు. తన ఇబ్బందిని ప్రధాని మార్టెన్స్‌కు ఉత్తరంగా రాసి దారి వెతకమన్నాడు. ఏప్రిల్ మొదటివారంలో మంత్రివర్గం రాజు పాలించలేని స్థితిలో ఉన్నట్టు ప్రకటించి, తానే సంతకాలు చేసి చట్టాన్ని అమల్లోకి తెచ్చింది. మరుసటి రోజే పార్లమెంటు రాజును తిరిగి కూర్చోబెట్టింది. రాజు మనసాక్షి నిలబడింది, సభ మాటా నిలబడింది.

మన 200వ అధికరణంలో, గవర్నర్ బిల్లును తిప్పి పంపదలిస్తే వీలైనంత త్వరగా పంపాలని ఉంది. గడువు అంకెల్లో లేదు. పక్కనున్న తెలంగాణ ప్రభుత్వం పది బిల్లులు ఆగిపోయాయని 2023లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ 'వీలైనంత త్వరగా' అన్నది ఊరికే రాసింది కాదని కోర్టు గుర్తుచేసింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం నెలల లెక్కన గడువులు పెట్టింది. అదే ఏడాది నవంబరులో రాష్ట్రపతి అడిగిన ప్రశ్నలకు జవాబిస్తూ అయిదుగురు న్యాయమూర్తులు, రాజ్యాంగంలో లేని గడువును కోర్టు పెట్టజాలదన్నారు. కారణం చెప్పకుండా అంతూదరీ లేకుండా ఆపి ఉంచడం మాత్రం కుదరదనీ అన్నారు. అంటే కోర్టు గీయలేనన్న గీతను గవర్నర్ తనంతట తాను గీసుకోవడానికి అడ్డేమీ లేదు.

గవర్నర్ రాజు కాడు కదా, ఆ పోలిక నప్పదని కొందరు అంటారు. నిజమే. రాజుకు పుట్టుకతో వచ్చిన పదవి. ఏ పార్టీకీ రుణపడి ఉండడు. గవర్నర్‌ను నియమించేది కేంద్రం సలహాతో రాష్ట్రపతి. వారి అభీష్టం ఉన్నంతవరకే పదవి. రాజుకు లేని విచక్షణాధికారాలు కొన్ని గవర్నర్‌కు రాజ్యాంగమే ఇచ్చింది: బిల్లును రాష్ట్రపతి పరిశీలనకు పంపడం, 356వ అధికరణం కింద నివేదిక ఇవ్వడం లాంటివి. ఏ పార్టీకీ చెందని రాజునే అక్కడ అంత గట్టిగా కట్టేసుకున్నారు. కేంద్రం పంపగా వచ్చే గవర్నర్‌కు ఆ కట్టు ఇంకా ఎక్కువ కావాలి. గవర్నర్‌ను ప్రజలే ఎన్నుకోవాలన్న ప్రతిపాదనను రాజ్యాంగ సభ 1949లో పక్కన పెట్టింది, ముఖ్యమంత్రికి పోటీగా మరో అధికార కేంద్రం తయారవుతుందన్న జంకుతోనే. ఎన్నుకున్న గవర్నర్‌కే వద్దనుకున్న పెత్తనం నామినేట్ అయిన గవర్నర్‌కు ఎలా వస్తుంది?

పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా వచ్చేది: 'గవర్నర్ ఆపేస్తే మనకెలా తెలుస్తుంది సార్?' పుస్తకంలో అధికరణాల నంబర్లున్నాయి గానీ దానికి జవాబు లేదు. శాసనసభ ఆమోదించిన బిల్లు మీ దగ్గరికి ఎప్పుడు వచ్చింది, ఎక్కడ ఉంది అన్నది మా ఊరి నాలుగు మాడవీధుల్లో ఎవరిని అడిగినా చెప్పలేరు. పేపరువాళ్లు రాస్తే తెలుస్తుంది, లేకపోతే లేదు. మా ఎమ్మెల్యే చెయ్యెత్తి నెగ్గించిన బిల్లు ఏమైందో తెలుసుకునే హక్కు మాకు ఉందనే ఈ విన్నపం. అందుకే మూడు పనులు అడుగుతున్నాను. ఏ ఒక్కదానికీ రాజ్యాంగ సవరణ అక్కర్లేదు.

ఒకటి. మీ కార్యాలయం వెబ్‌సైటులో బిల్లుల పట్టిక ఒకటి తెలుగులో పెట్టించండి. బిల్లు పేరు, సభ ఆమోదించిన తేదీ, మీకు అందిన తేదీ, మీ నిర్ణయం, ఆ తేదీ. తిప్పి పంపినా రాష్ట్రపతికి నివేదించినా కారణం రెండు వాక్యాల్లో రాయండి. మామూలుగా నెలలోపే తేలుస్తామని, ఆలస్యమైతే ఎందుకో చెబుతామని మీరే ప్రకటించండి.

రెండు. ఎవరికీ స్పష్టమైన మెజారిటీ రాకపోతే ఎవరిని ఏ వరుసలో పిలుస్తారో ఎన్నికలకు ముందే ప్రకటించండి. సర్కారియా కమిషన్ 1988లోనే ఆ వరుస చెప్పింది: ఎన్నికల ముందే కట్టిన కూటమి, తరవాత ఇతరుల మద్దతున్న పెద్ద పార్టీ, ఆ తరవాత ఎన్నికలయ్యాక ఏర్పడ్డ కూటములు. బలపరీక్ష సభలోనే, అదీ రోజుల్లోనే జరుగుతుందని, గవర్నర్ కార్యాలయంలో తలలు లెక్కించడం ఉండదని రాసిపెట్టండి.

మూడు. ముఖ్యమంత్రి గారితో, స్పీకర్ గారితో మాట్లాడి ఈ ఆచారాలన్నీ ఒక చిన్న పుస్తకంగా తెలుగులో వేయించండి. రాతలో లేని రాజ్యాంగం తమదని చెప్పుకునే బ్రిటన్ కూడా ప్రభుత్వ ఏర్పాటు పద్ధతులను 2011లో క్యాబినెట్ మాన్యువల్‌గా అచ్చువేసుకుంది. ఆ పుస్తకానికి చట్టమంత బలం ఉండదు. అయినా అచ్చులో ఉన్న పద్ధతిని తప్పినవాళ్లు ఎందుకు తప్పారో చెప్పుకోవాలి. రేపు మీ తరవాత వచ్చేవారికి అది రక్ష, మాకు ధీమా.

ఈ పనుల వల్ల మీ అధికారం తగ్గుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. సంప్రదింపులు అందుకునే, ప్రోత్సహించే, హెచ్చరించే హక్కులు మీకు పూర్తిగా ఉంటాయి. ముఖ్యమంత్రి తప్పుడు సలహా ఇస్తే మొహం మీదే చెప్పండి, రాతపూర్వకంగా చెప్పండి. ఏ పక్షమూ మీ నిష్పాక్షికతను శంకించే వీలు లేనప్పుడు ఆ హెచ్చరికకు పదింతలు బరువు ఉంటుంది. రాజసేవను ఏవగించుకున్న కవి ధూర్జటి పేరు చెప్పుకునే ఊరు మాది. ఒక మనిషి మంచితనం మీద, ఇష్టాయిష్టాల మీద జనం బతుకు ఆధారపడకూడదని మాకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. మీ మంచితనం మీద నమ్మకం ఉన్నందువల్లే, అది మీతో పోకుండా పద్ధతిగా మిగలాలని కోరుతున్నాను.

రాబోయే సమావేశాల్లో శాసనసభ ఆమోదించే మొదటి బిల్లుతోనే ఆ పట్టిక మొదలుపెట్టించండి. మిగతా రెండింటికీ చర్చ కావాలి, కొంత సమయం పడుతుంది. పట్టికకు మాత్రం మీ ఒక్క ఆదేశం చాలు.

ఇట్లు,
గౌరవంతో,
శ్రీకాళహస్తి నియోజకవర్గ ఓటరు,
రిటైర్డ్ సివిక్స్ లెక్చరర్